ఆగడం నేర్చుకున్న కారు

పాతకారు వున్న ఇంట్లో రెండు పక్షాలుంటాయి. అమ్మేయమనేది ఒక పక్షం, అమ్మవద్దనేది రెండో పక్షం. మా ఇంట్లో ఈ రెండు పక్షాలూ ఒక్క మనిషిలోనే కాపురం చేస్తున్నాయి. ఆ మనిషి మా ఆవిడ. మెకానిక్కుకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు ఆమె మొదటి పక్షం. పెళ్లివారింటి ముందు కారు దిగగానే పదిమంది చుట్టూ మూగి, "ఏ సంవత్సరం బండి అమ్మా ఇది?" అని అడిగేటప్పుడు రెండో పక్షం.

అది 1968 నాటి అంబాసిడరు, మార్క్ టూ. మా నాయన ప్రొద్దుటూరులో పత్తి, వేరుశనగ కమీషను వ్యాపారం చేసేవాడు. ఆ రోజుల్లో కారు కావాలంటే చేతిలో డబ్బుంటే చాలదు. పేరు రాయించుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అలా ఎదురుచూడగా వచ్చిన కారు కనుక దానికి మా ఇంట్లో మనిషి మర్యాదలే జరిగాయి. నాకంటే రెండేళ్లు పెద్దది. ఆ లెక్కన మా నాయనకు పెద్దకొడుకు అదే, నేను రెండోవాణ్ణి.

నాయన పోయాక ఆ పెద్దకొడుకు పాత పత్తి గోడౌనులో పదమూడేళ్లు పడివుంది. నేను జమ్మలమడుగులో లెక్కల అయివారిని. రోజూ బస్సులో పోయి రావడం నాకు అలవాటే. కాని 2023లో, ఎండలు మొదలయ్యే ముందు, ఒకరోజు గోడౌను తలుపు తీస్తే ఆ గుండ్రటి ముఖం, ఆ రెండు పెద్ద దీపాలు, "ఏరా, ఇన్నాళ్లకు గుర్తొచ్చానా?" అన్నట్టు చూశాయి. ఆ చూపుకు నేను కరిగిపోయాను. దీన్ని బాగుచేయించి రోజూ బడికి దీనిమీదే వెళతాను అని ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను. మా ఆవిడ మజ్జిగ వడ్డిస్తూ, "సరే" అంది. ఆ "సరే"కు ఎన్ని అర్థాలుంటాయో పెళ్లయినవాళ్లకు చెప్పనక్కరలేదు.

మొట్టమొదట నేనేం చేశానో చెబితే మీరు నవ్వుతారు. రంగు వేయించాను. సొట్టలు తీయించి, తెల్లటి తెలుపు వేయించి, సీట్లకు కొత్త రెగ్జిన్ కుట్టించి, బంపర్లకు మెరుగు పెట్టించాను. బ్యాటరీ కొత్తది వేసి, ఇంజనులో కొత్త ఆయిలు పోసి, పెట్రోలు పోస్తే కాసేపు దగ్గి స్టార్టయింది. స్టార్టయింది కదా, ఇక బాగుపడినట్టే అనుకున్నాను. బజారులో నలుగురూ ఆగి చూశారు. బంగారు అంగళ్ల వీధిలో ఒకాయన ఫోటో కూడా తీసుకున్నాడు. పెళ్లికొడుకును చేసినంత సంబరంగా వుంది నాకు.

ఆ నెలలోనే పులివెందులలో మా చెల్లెలి ఇంట గృహప్రవేశం వచ్చింది. ముందుసీట్లో నేను, మా ఆవిడ. వెనకసీట్లో మా అమ్మ. దారిలో జమ్మలమడుగులో మా పిన్నమ్మను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా పులివెందులకు పోవాలని ఏర్పాటు. మొత్తం నూరు కిలోమీటర్లు కూడా లేని దారి. జమ్మలమడుగు దాకా కారు రాజులా నడిచింది. అక్కడ పిన్నమ్మ ఎక్కి, "అబ్బ, బావ కారు మళ్లీ లేచిందే" అని కళ్లు తుడుచుకుంది.

జమ్మలమడుగు నుంచి ముద్దనూరు పోయేటప్పుడు మధ్యలో కొండ ఎక్కి దిగాలి. ఎక్కడం బాగానే ఎక్కింది. దిగుతుండగా ఒక మలుపు ముందు బ్రేకు మీద కాలుపెట్టాను. మాగిన బొప్పాయిలోకి వేలు దిగినట్టు పెడలు మెత్తగా దిగిపోయి అడుగు తగిలింది. మళ్లీ తొక్కాను. అంతే. మూడోసారి తొక్కేసరికి దానిలో ఏమీ లేదు.

ఎదురుగా ఒక లారీ ఎక్కి వస్తోంది. పక్కన లోయ. ఆ క్షణంలో నేను గొప్ప సాహసం చేశానని రాయాలని వుందిగాని, నిజం అది కాదు. చేతులు వాటంతట అవే గేరును మూడు నుంచి రెండుకు లాగాయి. ఇంజను అరిచింది. చేతిబ్రేకు లాగాను. రోడ్డు వారగా పోసివున్న కంకర కుప్ప కనిపించి, కొండవైపుగా కారును దానిలోకి తోశాను. కంకరలో కూరుకుని, తెల్లటి ముఖమంతా దుమ్ము కొట్టుకుని, కారు ఆగింది.

ఎవరికీ ఏమీ కాలేదు. పిన్నమ్మ దేవుళ్లందరినీ పిలుస్తోంది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని వుంది, వదలడంలేదు. ఎదురొచ్చిన లారీ మా ముందే ఆగింది. కడప బండలు ఎత్తుకునే లారీ. డ్రైవరు దిగివచ్చి, సంగతి చూసి, తన బండిలోంచి పగిలిన నల్లబండ ముక్క ఒకటి తెచ్చి మా చక్రం కింద పెట్టాడు. "కదలదులే సార్. ఆడోళ్లను బస్సెక్కించు ముందు" అన్నాడు.

ఇంతలోనూ మాట్లాడనిది మా అమ్మ ఒక్కతే. బస్సు కోసం నిలుచున్నప్పుడు నెమ్మదిగా అంది: "మీ నాయన బండిని పైన తుడిచేదానికన్నా కింద పండుకోని చూసేదే ఎక్కువ నాయనా."

తిట్టినా బాగుండేది.

పులివెందులలో ఒక వృద్ధ మేస్త్రీ వున్నాడు. అంబాసిడర్లు, జీపులు తప్ప వేరేది ముట్టడు. మరునాడు కారును లారీ మీద ఎక్కించి ఆయన షెడ్డుకు చేర్చాం. ఆయన కొత్త రంగును ఒక్కసారైనా చూడలేదు. నేలమీద గోనెపట్టా వేసుకుని కిందికి దూరాడు. పావుగంట తర్వాత బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ అన్నాడు:

"అయివారూ, ఉరికే బండి ఎవురన్నా చేస్తారు. నిలబడే బండి చేపిచ్చుకో ముందు."

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానమే అనుకోండి.

జరిగింది ఇది. ముందు ఎడమచక్రం దగ్గర బ్రేకు రబ్బరు గొట్టం పైకి నల్లగా నిగనిగలాడుతూనే వుంది. లోపల మాత్రం ఎండి పగిలి వుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పదమూడేళ్లు పీల్చిన నూనె కొండ దిగేటప్పుడు వేడెక్కితే అందులోని నీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని తొక్కితే నలుగుతుందేగాని చక్రాన్ని పట్టదు. అంతలో గొట్టమూ పగిలింది. పైగా ఆనాటి కార్లలో నాలుగు చక్రాలకూ ఒకే నూనెదారి. నాలుగిళ్లకు కలిపి ఒకే బావితాడు వున్నట్టు. తాడు తెగితే నాలుగిళ్లకూ నీళ్లు లేవు. చేతిబ్రేకు మాత్రం తీగతో వెనకచక్రాలను పడుతుంది, దానికి నూనెతో పనిలేదు. మమ్మల్ని కాపాడింది ఆ తీగ, ఆ కంకర.

తప్పు కారుది కాదు. పదమూడేళ్లు పడుకున్న మనిషిని లేపి, ముఖానికి పౌడరు రాసి, పరుగెత్తమన్నవాడిది.

మేస్త్రీ పని నాలుగు నెలలు పట్టింది. ఆదివారం ఆదివారం నేను బస్సెక్కి పులివెందుల పోయి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ఆయనకొక వరుస వుంది. ముందు ఆగడం, తర్వాత తిరగడం, తర్వాత కనబడడం, ఆపైన చల్లగా వుండడం, చివరికి పరుగెత్తడం. రంగు మాట ఆయన పట్టికలోనే లేదు.

ఆగడానికి: గొట్టాలు, చక్రాల దగ్గరి సిలిండర్లలోని రబ్బరు కప్పులు, లైనర్లు అన్నీ కొత్తవి వేశాడు. మాస్టర్ సిలిండరు మార్చి ముందుచక్రాలకు ఒక దారి, వెనకచక్రాలకు ఒక దారి చేశాడు. ఇప్పుడు ఒక తాడు తెగినా రెండోది వుంటుంది. తర్వాతి కాలపు అంబాసిడర్లకు వచ్చిన డిస్కు బ్రేకుల సామాను సంపాదించి ముందుచక్రాలకు బిగించాడు. బ్రేకు నూనె రెండేళ్లకొకసారి మార్చితీరాలని నాచేత ఒట్టు పెట్టించుకున్నాడు.

ఈ మార్పులకు మొదట నా మనసు ఒప్పలేదు. నాయన తొక్కిన బ్రేకులు, నాయన కారు. అన్నీ మారిస్తే ఇక నాయనది ఏం మిగులుతుంది? ఈ మాట బయటికే అన్నాను. మేస్త్రీ తలెత్తి చూసి, "మీ నాయన వుంటే ఏం చేసేవాడు? చెప్పు" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పనక్కరలేదని ఆయనకూ తెలుసు.

తిరగడానికి: కింగ్‌పిన్లు, స్టీరింగు కీళ్లు అరిగినవి తీసి కొత్తవి వేశాడు. ఈ కారుకు కింద అక్కడక్కడా గ్రీజు ఎక్కించే నిపుల్స్ వుంటాయి. నెలనెలా గ్రీజు పెట్టకపోతే కీళ్లవాతం వస్తుంది, మనకు వచ్చినట్టే. టైర్లు చూస్తే గాడులు నిండుగా వున్నాయి, కొత్తవేనన్నాను. ఆయన టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. మా టైర్ల మీద 3508 అని వుంది. 2008లో ముప్పైఐదో వారంలో పుట్టినవి! గాడి వుంటే ఏం, రబ్బరుకూ వయసుంటుంది. మీ ఇంట్లో కొత్తకారు వున్నా సరే, ఈ పేజీ చదివాక లేచి ఒకసారి ఆ అంకెలు చూసి రండి. స్టెప్నీ మీద కూడా.

కనబడడానికి: పాత తీగలకు చుట్టిన గుడ్డ చివికి, ముట్టుకుంటే రాలిపోతోంది. తీగలన్నీ తీసి కొత్తవి లాగి, ఒక్కొక్క దానికి ఫ్యూజు పెట్టాడు. డైనమో స్థానంలో ఆల్టర్నేటరు వేశాడు. డైనమో కారు మెల్లగా పోయేటప్పుడు సరిగా ఛార్జి ఇవ్వదు. సాయంత్రం ప్రొద్దుటూరు బజారులో దీపాలు వేసుకుని, ఆగుతూ సాగుతూ పోతే బ్యాటరీ నీరసపడుతుంది. దీపాలకు రిలేలు పెడితే చూపు రెండింతలయింది. వెనక ఎర్రదీపాలు, ఇండికేటర్లు, వైపర్లు. "నువ్వు చూసేది సగమే అయివారూ, నిన్ను చూసేది సగం" అన్నాడు.

చల్లగా వుండడానికి: మా జిల్లా ఎండల సంగతి మీకు తెలిసిందే. నలభై డిగ్రీలు దాటడం వేసవిలో మాకు వార్త కాదు. రేడియేటరు విప్పితే లోపల తెల్లటి చట్టు, నీళ్లు కాచే తపేలాకు అడుగున పట్టినట్టు. ఇన్నాళ్లూ బోరునీళ్లు పోసిన ఫలం. దాన్ని కడిగించి, శుద్ధినీళ్లలో కూలెంటు కలిపి పోశాం. రేడియేటరు మూత ఒత్తిడిని పట్టివుంచుతుంది. అందువల్ల లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. ఈ సంగతి ఇంట్లో వివరిస్తుంటే మా ఆవిడ మధ్యలో అందుకుని, "ఇదేం కొత్తా? కుక్కరే కదా. ఆవిరి పోకముందు మూత తీస్తే ముఖం కాలుతుంది" అంది. లెక్కల అయివారు పావుగంట చెప్పినది వంటింటివాళ్లు ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

పరుగెత్తడానికి: ఇంజను 1489 సీసీలది, ఏనుగు గుండె. కాని దాని కాలంలో పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం వాల్వులు కూర్చునే చోట మెత్తలా పనిచేసేది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసంలేని పెట్రోలే. మన వూపిరితిత్తులకు అది మంచిదే, ఈ ఇంజనుకు మాత్రం కాదు. అందుకని హెడ్డును లేతుకు పంపి గట్టి వాల్వు సీట్లు వేయించాడు. ఇక 2023 నుంచి ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతా అదే అయింది. ఇథనాలుకు పాత రబ్బరు ఆగదు, మెత్తబడి కారుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడితే ఏమవుతుందో చెప్పాలా? పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాలును తట్టుకునే రకం వేశాడు. టాంకులో తుప్పు కడిగి, ఫిల్టరు పెట్టాడు. సీటుకింద మంటలార్పే చిన్న సిలిండరు ఒకటి నేనే కొని పెట్టాను.

చివరిగా మనుషులు. మన దేశంలో కొత్తకార్ల ముందుసీట్లకు బెల్టులు తప్పనిసరి చేసింది 1994లో. మా కారుకు అసలు బెల్టులే లేవు. బెల్టు తెచ్చి రేకుకు బోల్టు బిగిస్తే చాలదు. గుద్దుకున్నప్పుడు రేకు చినిగి బోల్టు వూడివస్తుంది. కింద మందపాటి ఇనుపపలక వెల్డింగు చేసి దానికి బిగించాలి. ముందుసీట్లకూ, వెనకసీట్లకూ అలాగే వేయించాను.

ఖర్చెంతయిందని అడక్కండి. నేను ఇంట్లో చెప్పిన అంకె ఒకటి, అయిన అంకె ఒకటి. ఈ పత్రిక మా ఆవిడ కూడా చదువుతుంది.

కాగితాల సంగతి ఒకటి వుంది, పాతకార్లున్నవారికి పనికొస్తుంది. యాభై ఏళ్లు దాటిన సొంతబండిని 'వింటేజి'గా రిజిస్టరు చేసుకోవచ్చని 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. ప్రత్యేకమైన నంబరుపలక ఇస్తారు. ఇదేదో బిరుదులా వుందని మురిసి దరఖాస్తు పెట్టబోయాను. కింద చదివితే, అలా రిజిస్టరైన బండిని రోజువారీ వాడకూడదట! ప్రదర్శనలకు, ర్యాలీలకు, అలాంటి వాటికే. బిరుదు వద్దు, బడికి పోవడమే కావాలనుకున్నాను. మామూలు రిజిస్ట్రేషనునే అయిదేళ్లకోసారి తిరగరాయించుకుంటే సరి. ఆ రుసుం 2022లో పెరిగింది, ఇరవై ఏళ్లు దాటిన బండ్లకు 2025లో మళ్లీ పెరిగింది. బండి నిర్మాణంలో మార్పులకు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అడ్డు వస్తుంది. ఇంజను మార్చడం వంటివి అనుమతి లేకుండా చేయరాదు. మా మార్పుల జాబితా తీసుకుపోయి ముందే కార్యాలయంలో అడిగి, చూపించి, తనిఖీ చేయించుకున్నాను. తనిఖీకి వచ్చినాయన కూడా మొదట కిందికే వంగి చూశాడు. నాకు ఎంత తృప్తి కలిగిందో!

కారు ఇంటికొచ్చాక మేస్త్రీ చెప్పిన ఆఖరిమాట అమలు చేస్తున్నాను. రాత్రి కారు కింద ఒక పాత అట్ట పరుస్తాను. తెల్లవారి చూస్తే అదే జాతకం. నల్లమరక ఇంజను ఆయిలు, పచ్చమరక రేడియేటరు నీళ్లు, చక్రం లోపలివైపు తడి కనబడితే బ్రేకు నూనె, ఆ రోజు బస్సే. తర్వాత అయిదు నిమిషాలు: బ్రేకు పెడలు, నూనెలు, నీళ్లు, టైర్లు, దీపాలు. మా అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తూ, "ఏమిరా, చుక్కలేమన్నా పన్న్యాయా?" అని అడుగుతుంది. లేవమ్మా అంటే, "అయితే పోయిరా" అంటుంది. ఆ మాట చెప్పనిదే నేను ఇంజను తిప్పను.

మొన్న సంక్రాంతికి మళ్లీ పులివెందుల ప్రయాణం పెట్టుకున్నాం. పిన్నమ్మ వస్తుందో రాదో అనుకున్నానుగాని, జమ్మలమడుగులో ఇంటిముందు సంచితో తయారుగా నిలబడి వుంది. వెనకసీట్లో బెల్టు పెడుతుంటే మా అమ్మ, "ఇదేందిరా, కట్టెలమోపు కట్టినట్లు?" అని విసుక్కుందిగాని, తనే లాగి చూసుకుని గట్టిగా వుందనిపించుకుంది.

కొండమీద దిగుడు మొదలయ్యే ముందు ఎవరూ చెప్పకుండానే కారు ఆపాను. అలవాటుగా బ్రేకు మూడుసార్లు తొక్కి చూశాను. గట్టిగా, నేల తొక్కినట్టు వుంది. రెండో గేరులో మెల్లగా దిగుతున్నాం. అప్పుడు కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆ మలుపు వచ్చింది. కాలు పెట్టాను. కారు నెమ్మదిగా, బుద్ధిగా, నేను ఆగమన్న చోట ఆగింది.

దిగి చూశాను. కంకర ఎప్పుడో రోడ్డులో కలిసిపోయింది. ఆ లారీడ్రైవరు ఇచ్చిన నల్లబండ ముక్క మాత్రం దుమ్ములో అక్కడే పడివుంది. తెచ్చి డిక్కీలో పెట్టుకున్నాను. ఏటవాలులో కారు నిలిపినప్పుడల్లా చక్రం కింద పెట్టేది దాన్నే.

నేను మళ్లీ ఎక్కి కూర్చున్నాక, అమ్మ వెనకనుంచి చెయ్యి చాపి సీటు అంచుమీద ఒకసారి నిమిరింది. కొత్త రెగ్జిన్ మీద కాదు, దాని కింద మారని పాత ఇనుపకమ్మీ మీద.

"ఇంగ పోనీ నాయనా" అంది.